పదహారో రోజు

హైమ పెంచే నరకణాలు నాలుగేళ్ళపాటు ఆమె మాట వినలేదు.

పుట్టుకతో నరాల జబ్బున్న ఎలుక పిల్లల నుంచి తీసిన కణాలవి. వాటిని చిన్న చిన్న గిన్నెల్లో వేసి, వెచ్చటి పెట్టెలో ఉంచి, రోజు విడిచి రోజు పోషకద్రవం మార్చి, ఒక్కొక్క మందే వేసి చూసేది. ఆరోగ్యంగా ఉన్న నరకణం సన్నటి తీగలు చాపుతుంది. మనిషి ఒంట్లో అలాంటి తీగే నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా పోతుంది. హైమ గిన్నెల్లోని కణాలు మాత్రం బెల్లం కొట్టిన రాళ్ళలా ఉండిపోయేవి. తీగ చాపినట్టే చాపి, ఆగిపోయేవి.

ముప్పై మందులు వేసింది. ముప్పైకీ ఒకటే జవాబు.

ఆమెతో చేరినవాళ్ళు డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఆమె తర్వాత చేరినవాళ్ళు కూడా పెట్టెలు సర్దుకుంటున్నారు. పండక్కి ఇంటికి వెళితే "ఇంకా చదువేనా?" అని అడిగేవాళ్ళకు చెప్పడానికేమీ లేక, రెండేళ్ళుగా పండక్కి వెళ్ళడమే మానేసింది.

ఆమె గురువు ఇమ్మానియేలు సారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆయన చదువంతా రైబోజోముల మీదే. కణానికి కావలసిన మాంసకృత్తులు తయారయ్యేది రైబోజోముల్లో. ఆ రైబోజోములు తయారయ్యేది కణం నడిబొడ్డున, కేంద్రకంలో ఒక చిన్న చోట. వెండి కలిసిన రంగు వేస్తే ఆ చోటు నల్లటి చుక్కలా కనబడుతుంది. సారు ముప్పై ఏళ్ళుగా ఆ చుక్కల్నే చూస్తున్నారు. ఆ రంగు అంటుకుని ఆయన వేలికొనలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

ఆయన పేరు వాళ్ళు పనిచేసే పరిశోధన సంస్థ గేటు దాటి ఎవరికీ తెలియదు. మాట కూడా తక్కువ. ఆయన ల్యాబులో మనిషి గొంతు కన్నా ఫ్రిజ్ మూలుగే ఎక్కువ వినిపిస్తుందని పిల్లలు నవ్వుకునేవారు.

ముప్పై ఒకటో మందు వేసిన మూడో రోజు పొద్దున్న, హైమ మైక్రోస్కోపులో కన్ను పెట్టి అలాగే ఉండిపోయింది. కాసేపటికి లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ చూసింది.

"సార్, ఒక్కసారి రండి."

సారు వచ్చి చూశారు. గిన్నె నిండా తీగలు. వాన వెలిసిన మర్నాడు గుమ్మడిపాదు పాకినట్టు, ఒకదాని మీదుగా ఒకటి.

"రెట్టింపు సార్. కొలిచాను."

"బాగున్నాయి" అన్నారు సారు. "ఉంచు."

"ఎన్నాళ్ళు?"

"ఉంచి చూడమ్మా."

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మూడో రోజుకి తీగలు రెట్టింపయ్యాయి. హైమ పరిశోధన పేపరు రాయడం మొదలుపెట్టింది. ఆ వారంలోనే సారు ఒక గిన్నె తీసుకుని వెండి రంగు తనే వేసి, ఆమెను పిలిచారు.

"చుక్క చూడు."

చూసింది. మామూలుగా ఆవగింజంత కనబడే చుక్క, గసగసాల గింజంతే ఉంది.

"చిన్నదైంది" అంది హైమ.

"ఊఁ."

"అయితే ఏం సార్? తీగలు పెరిగాయి కదా."

"దేంతో పెరిగాయి?"

ఆ ప్రశ్నకు జవాబు హైమకు తెలుసు. కొత్త రైబోజోములు తయారవడం తగ్గిపోయినా, ముందే తయారై ఉన్నవి కొన్నాళ్ళు పనిచేస్తాయి. ఆ మందు కణాన్ని పరుగు పెట్టిస్తోంది. పరుగెత్తేది దాచుకున్న సత్తువతో. తెలిసినా పైకి అనలేదు.

"నా ప్రశ్న తీగలు పెరుగుతాయా లేదా అన్నది సార్. పెరిగాయి. ఈ రంగంలో అందరూ మూడో రోజే చూస్తారు."

సారు స్లైడు తీసి పెట్టెలో పెట్టేశారు. "ఇంకో రెండు వారాలు ఉంచు తల్లీ" అన్నారు.

"రెండు వారాలు ఉంచితే బూజు పట్టిందనో, ఇంకోటనో మళ్ళీ మొదటికొస్తుంది. ఇదే పని ఇంకో ఊళ్ళో చేస్తున్నారు సార్. వాళ్ళు ముందు రాసేస్తే నా నాలుగేళ్ళూ గంగలో కలిసినట్టే. మీకు ఓపికుంది. నాకు వయసైపోతోంది."

అనేశాక నాలుక కరుచుకుంది. సారు ఏమీ అనుకున్నట్టు లేరు. కళ్ళజోడు తుడుచుకుంటూ కిటికీ బయటికి చూశారు.

పేపరు తయారై ఆయన బల్ల మీదికి వచ్చింది. మొత్తం చదివి, మళ్ళీ మొదటికి తిప్పి, "ఆ చుక్క బొమ్మ ఏదమ్మా?" అని అడిగారు.

"అది వేరే సంగతి సార్. ఇంకో పేపర్లో రాద్దాం."

సంతకం పెట్టాల్సిన కాగితం ముందుంది. సారు కలం పట్టుకుని ఉండిపోయారు. వద్దంటారనే అనుకుంది హైమ. ఆయన వద్దనలేదు. సంతకం పెట్టి, కాగితం ఆమె వైపు జరిపారు. ఆ రోజు ఆమెకది గెలుపులాగే అనిపించింది.

మర్నాడు వెచ్చటి పెట్టె తెరిస్తే కింది అరలో ఒక గిన్నె కనిపించింది. మూత మీద సారు చేతిరాత. ముప్పై ఒకటో మందు, తారీకు, అంతే. ఆమె వేసిన గిన్నెల్లోంచే ఒకటి తీసి పక్కన పెట్టుకున్నారన్నమాట. రోజు విడిచి రోజు ఆయనే వచ్చి దానికి ద్రవం మార్చేవారు. ఆదివారాలు కూడా గొడుగేసుకుని వచ్చేవారు.

హైమకు ఒళ్ళు మండింది. తన పని మీద నమ్మకం లేకపోతే ఎదురుగా చెప్పాలి గానీ, ఇదేం పద్ధతి? తొమ్మిదో రోజున, సారు లేనప్పుడు, ఆ గిన్నె తీసి చూసింది. తీగలు బాగానే ఉన్నాయి. కొంచెం సన్నబడ్డట్టున్నాయి గానీ, ఉన్నాయి.

'చూశావా' అనుకుంది మనసులో. గిన్నె మళ్ళీ అరలో పెట్టేసింది. ఆ తర్వాత అటు చూడలేదు.

ఆ గిన్నె పోయి ఇంకోటి వచ్చింది. అది పోయి మరోటి వచ్చింది. మూత మీద తారీకు మారేది. సారు ముఖంలో ఏమీ మారేది కాదు. ఆ ముఖంలో ఏమైనా మారుతుందేమోనని కూడా ఆమె చూడలేదు.

డిసెంబరులో పేపరు అచ్చయింది. డైరెక్టరుగారు విలేకరుల్ని పిలిచారు. 'వాడిన నరానికి చిగురు' అని పెద్ద అక్షరాలతో పత్రికలో వేశారు. పక్కన హైమ ఫొటో, వెనకాల ఫొటో అంచుకి సగం తెగిపోయిన ఇమ్మానియేలు సారు. సంస్థ హాల్లో సభ పెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పారు. సారుకి ఇంకో రెండేళ్ళు పొడిగింపు ఇస్తున్నట్టు డైరెక్టరుగారు మైకులోనే ప్రకటించారు. హైమకు ఒక కాలేజీ నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. వాళ్ళమ్మ ఫోనులో ఏడ్చింది.

శాలువా కప్పుతున్నప్పుడు సారు తల వంచుకున్నారు. వినయం అనుకున్నారందరూ. హైమ కూడా అదే అనుకుంది.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం, పైడిరాజు వచ్చాడు.

పార్వతీపురం అవతల ఒక ఊరు. నలభై లోపు మనిషే. చంకలో కర్ర, చేతిలో మడతలు పడ్డ పత్రిక ముక్క. వెంట తొమ్మిదేళ్ళ ఆడపిల్ల. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆపితే, పత్రికలో హైమ ఫొటో చూపించి, ఈవిడే రమ్మన్నారని అబద్ధమాడి లోపలికి వచ్చాడట. ఆ మాట వస్తూనే తనే చెప్పి, "తప్పయిందమ్మా" అన్నాడు.

హైమ కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టమన్నాడు.

"నేను బస్సు నడిపేవోణ్ణమ్మా. మూడేళ్ళ కితం ఒకరోజు బ్రేకు మీద కాలుందో నేదో తెలీలేదు. ఒంగి సూసుకుంటే గానీ తెలీలేదు. ఆ రోజే తాళాలిచ్చేసి దిగిపోయాను. బస్సు నిండా బడిపిల్లలమ్మా."

"అయ్యో" అంది హైమ.

"నా గురించి రాలేదమ్మా. నాకు అయిపోయింది. మా అయ్యకీ ఇదే, మా అన్నకీ ఇదే." పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "దీనికి కాలి సెప్పు జారిపోయినా తెలీడం నేదు. బడి నుంచి ఒంటి సెప్పుతో వస్తంది. ఏదే రెండోదీ అంటే, ఉంది కదా నాన్నా అంటది."

పిల్ల పేరు సంతోషి. గోడకు తగిలించిన పెద్ద ఫొటో వైపు చూస్తోంది. మూడో రోజు గిన్నె బొమ్మ అది. నల్లటి నేపథ్యంలో ఆకుపచ్చగా మెరుస్తున్న తీగలు.

"అవేటక్కా?"

"నరాలు" అంది హైమ.

"నా కాల్లో కూడా ఉంటాయా?"

"ఉంటాయి."

"అంత అందంగానా?"

హైమ నవ్వింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఫొటో ముందు నిలబెట్టింది. మందు వేయకముందు ఎలా ఉండేవో, వేశాక ఎలా పెరిగాయో వేలితో చూపించింది. మనుషులకిచ్చే మందు కావడానికి ఇంకా సమయం పడుతుందని, ముందు చాలా పరీక్షలు చేయాలని చెప్పింది. అది ఆమె నిజాయితీగానే చెప్పింది. కానీ గొంతులో ఉన్న వెలుగు వేరే మాట చెబుతోంది. పైడిరాజు ఆ మాటే విన్నాడు.

"ఎన్నాళ్ళయినా పరవానేదమ్మా. ఉందంటే సాలు. దీనికి పెళ్ళీడొచ్చేలోగా..."

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఇమ్మానియేలు సారు వచ్చారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. రెండు చేతుల్తో ఒక గిన్నె పట్టుకుని ఉన్నారు. మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళి, గిన్నె దాని కింద పెట్టి, దీపం సరిచేసి, పక్కకు తప్పుకున్నారు.

"చూడు" అన్నారు హైమతో.

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే."

హైమ వంగి చూసింది.

కణాలున్నాయి. తీగలు లేవు. ఉన్నచోట నరికేసిన మోళ్ళలా పొట్టి పొట్టి ముక్కలు. మధ్యలో కణాలు గుండ్రంగా ముడుచుకుని, చలికి కాళ్ళు పొట్టలో పెట్టుకుని పడుకున్న మనుషుల్లా ఉన్నాయి. గిన్నె జరిపి చూసింది. అటూ అంతే. ఇటూ అంతే.

"ఎన్నో రోజు?" కన్ను తీయకుండానే అడిగింది.

"పదహారు."

పక్కనే స్లైడు పెట్టారు. ఆ గిన్నెకు జోడు గిన్నెది. వెండి రంగు వేసింది. హైమ అది కూడా చూసింది. కేంద్రకంలో చుక్క ఉండాల్సిన చోట ఏమీ లేదు.

దాచుకున్నదంతా తీగలు చాపడానికే ఖర్చయిపోయింది. కొత్త రైబోజోములు తయారు కాలేదు. చాపిన తీగను నిలబెట్టుకోవడానికి కూడా రోజూ మేత కావాలి. అది లేక, కణం తన తీగల్ని తనే ముడిచేసుకుంది. మందు వేయకపోతే కనీసం ముందున్న పొట్టి తీగలైనా మిగిలేవి. ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఇదంతా ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

సారు పైడిరాజు వైపు తిరిగారు. "మీరూ చూడండి" అన్నారు.

పైడిరాజు కర్ర బల్లకానించి, రెండు చేతులతో అంచు పట్టుకుని వంగాడు. చాలాసేపు చూశాడు. ఒకసారి తలెత్తి గోడ మీది ఫొటో చూసి, మళ్ళీ వంగాడు.

"ఇయీ అయ్యేనా బాబూ?"

"అవే. రెండు వారాల తర్వాత."

"మందేసినయ్యేనా?"

"మందు వేసినవే."

"సచ్చిపోయాయా?"

"లేదు" అన్నారు సారు. "బతికే ఉన్నాయి."

పైడిరాజు నిటారుగా నిలబడే ప్రయత్నం చేశాడు. "నా కాళ్ళూ అంతేనండి" అన్నాడు. "బతికే ఉన్నాయి."

సంతోషి, "నేనూ చూస్తా నాన్నా" అంది. "వద్దులే" అన్నాడు పైడిరాజు.

తర్వాత హైమ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బావుండేది.

"మరి పేపర్లో అలగేసేరేటమ్మా?"

సారు జవాబు చెబుతారేమోనని హైమ ఆయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"సరేనమ్మా" అన్నాడు పైడిరాజు, వాళ్ళిద్దరికీ తనే సాయం చేస్తున్నట్టు. "మీరు మాత్రం ఏం సేస్తారు." కర్ర తీసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి హైమ గుమ్మం దగ్గర చూసింది. చిన్న నీలం చెప్పు ఒకటి పడి ఉంది.

అది తీసుకుని మెట్ల మీద పరుగెత్తింది. గేటు దగ్గర అందుకుంది. సంతోషి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, ఎండలో కాలిన తారు మీద మామూలుగా నడిచిపోతోంది.

హైమ ఆ పిల్ల ముందు కూర్చుంది. పాదం చేతిలోకి తీసుకుంది. పాదం అడుగు ఎర్రగా కందిపోయి ఉంది. దుమ్ము తుడిచి, వేళ్ళు సరిచేసి, చెప్పు తొడిగి, వెనక పట్టీ బిగించింది. అప్పుడు కూడా ఆ పాదం వదల్లేక పట్టుకునే ఉంది.

సంతోషి ఎటో చూస్తూ నిలబడింది. కాసేపాగి, "తొడిగేశావా అక్కా?" అని అడిగింది.

హైమ పైకి వచ్చేసరికి సారు మైక్రోస్కోపు దీపం ఆర్పి, తన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మీకెప్పుడు తెలిసింది సార్?"

"ఆగస్టులో."

"ఆగస్టు!" ఆమె వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టి, మధ్యలో ఆపేసింది. "అప్పటికింకా పేపరు అచ్చు కాలేదు."

"కాలేదు."

"ఒక్క మాట చెప్పలేదు మీరు."

"మొదటిసారి గిన్నె పాడైందనుకున్నాను" అన్నారు సారు. "రెండోసారి నా చెయ్యి పాడైందనుకున్నాను. మూడోసారి అనుకోవడానికేం మిగల్లేదు."

"మిగలకపోయినా శాలువా కప్పించుకున్నారు."

"కప్పించుకున్నాను."

"ఎందుకు సార్?" ఆమె అరిచింది. ఆ ల్యాబులో ఎవరూ అంత గట్టిగా అరవలేదు. "నేనంటే తెలియనిదాన్ని, తొందరపడ్డాను. మీరెందుకు?"

సారు తన నల్లటి వేళ్ళ వైపు చూసుకున్నారు.

"ముప్పై ఏళ్ళమ్మా" అన్నారు. "ఒక్కసారైనా ఎవరో ఒకరు చూస్తారనిపించింది."

హైమ గోడకానుకుని కూర్చుండిపోయింది. ఆయన మీద కోపం పొంగుకొస్తోంది. దాని కిందే ఇంకోటి ఉంది. కింది అరలో ఆరు నెలలుగా తన కళ్ళెదుటే ఉన్న గిన్నె. తొమ్మిదో రోజున చూసి, పదో రోజున చూడని గిన్నె.

సారు కంప్యూటరు దగ్గరికి వెళ్ళి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. పేపరు అచ్చువేసిన సైన్సు పత్రికకు. ఫలితం మూడో రోజు వరకే నిజమని, ఆ తర్వాత తీగలు ముడుచుకుపోతాయని, రైబోజోముల తయారీని ఆ మందే ఆపేస్తోందని, ఇది తనకు ఆగస్టు నుంచి తెలుసునని, తప్పు తనదని, పేపరు వెనక్కి తీసుకోవాలని. నాలుగే వాక్యాలు. హైమ వెనక నిలబడి చదివింది.

"చుక్క బొమ్మ తీసేసింది నేను" అంది.

సారు లేచి కుర్చీ వదిలి పక్కన నిలబడ్డారు. కీబోర్డు ఆమె వైపు జరిపారు.

హైమ కూర్చుంది. కిటికీ మీది ఎండ బల్ల మీదికి జరిగేంతసేపు అలాగే కూర్చుంది. కాలేజీ ఉద్యోగం కళ్ళముందు మెదిలింది. ఫోనులో అమ్మ ఏడుపు చెవిలో మోగింది. చివరికి ఒక వాక్యం రాసి, కింద తన పేరు కొట్టి, లేచిపోయింది. ఉత్తరం పంపించే మీట నొక్కింది సారే.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి.

డైరెక్టరుగారు ఇద్దర్నీ పిలిచి నిలబెట్టి మాట్లాడారు. "రిటైరయ్యే ముందు నీతి గుర్తొచ్చిందా మీకు?" అని సారుని అడిగారు. సారు అవునన్నారు. ఆ జవాబుకి డైరెక్టరుగారికి మరీ కోపమొచ్చింది. పొడిగింపు రద్దయింది. కాలేజీవాళ్ళు మర్యాదగా ఒక ఉత్తరం రాసి, ఉద్యోగం వేరేవాళ్ళకు ఇచ్చామన్నారు. హైమ థీసిస్ మళ్ళీ మొదలుపెట్టాలన్నారు. క్యాంటీనులో ఆమె వెళ్ళి కూర్చుంటే పక్కబల్ల మాటలు ఆగిపోయేవి.

తప్పయిందన్న వార్త మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు. అందుకని ఫోన్లు వస్తూనే ఉండేవి. రాయచోటి నుంచి, భద్రాచలం నుంచి, ఎక్కడెక్కడి నుంచో. "నరానికి చిగురు వేయించే డాక్టరమ్మగారేనా?" అని అడిగేవాళ్ళు. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది. లేదండి. అది నిలవదండి. లేదమ్మా, మీవాడికైనా అంతే. కొందరు తిట్టేవారు. ఒకాయన, డబ్బున్నవాళ్ళకైతే ఇస్తారా అని అడిగాడు. ఒకావిడ ఏమీ అనకుండా, ఫోను పెట్టకుండా, అలాగే ఊపిరి తీస్తూ ఉండిపోయింది. హైమ కూడా పెట్టలేక అలాగే ఉండిపోయింది.

మొదటి వారం ఫోను మోగితే సారే తీసేవారు. తర్వాత ఒకరోజు మోగుతుంటే తీయకుండా ఆమె వైపు చూశారు. అప్పటి నుంచి ఆమె తీసింది.

ఇద్దరి మధ్య మాటల్లేవు. పని మాత్రం జరిగేది. హైమ కొత్త గిన్నెలు వేసింది. ఈసారి తీగల పొడవు కొలవడం లేదు. చుక్కల్ని చూస్తోంది. కణం రైబోజోముల్ని రోజూ ఎన్ని తయారు చేసుకుంటే తీగ ముడుచుకోకుండా ఉంటుందో, అదొక్కటే చూస్తోంది. అందులో ఎవరికీ చూపించుకునే బొమ్మ లేదు. రోజు విడిచి రోజు ద్రవం మార్చాలి. ఆదివారమని ఊరుకోకూడదు. వెండి రంగు వేసేటప్పుడు చేతొడుగు చిరిగి, ఆమె చూపుడువేలికి మచ్చ పడింది. కడిగితే పోలేదు.

మార్చి నెలాఖరు వచ్చింది. సారుకి వీడ్కోలు సభ పెట్టలేదు. క్లర్కు ఒకాయన వచ్చి తాళాలు లెక్క చూసుకుని వెళ్ళాడు. సారు తన సొరుగుల్లోని స్లైడ్లన్నీ తీసి, తేదీల వారీగా పెట్టెల్లో సర్ది, హైమ బల్ల మీద పెట్టారు. ముప్పై ఏళ్ళవి. తెల్లకోటు విప్పి మడత పెట్టారు. పుస్తకాలు సంచీలో వేసుకున్నారు.

హైమ పైపెట్టు గొట్టం పట్టుకుని గిన్నెలకు ద్రవం మారుస్తోంది. తలెత్తలేదు. ఆయన గుమ్మం దాకా వెళ్ళాక, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"రెండు నెలలైంది సార్. క్షమించమని ఒక్కసారి కూడా అడగలేదు మీరు."

సారు ఆగారు.

"అడిగితే నీకు తేలికవుతుందా?"

హైమ చేతిలోని గిన్నె మూత వేసింది. ఇంకో గిన్నె తీసింది. నిజంగానే ఆలోచించింది.

"లేదు సార్."

"నాకవుతుంది" అన్నారు ఇమ్మానియేలు సారు. "అందుకే అడగను."